ముల్లంగిలో పురుగుమందు నిజంగా పనిచేస్తోందా? ఆరు సెంట్లలో మీరే తేల్చుకునే పద్ధతి

మూడేళ్ల కిందట కార్తీక మాసంలో మా ముల్లంగి ఆకుల నిండా పురుగు పడింది. మాది కర్నూలు దగ్గర, కె.సి. కెనాల్ కింద ముప్పై సెంట్లు. మందుల దుకాణానికి పోతే మూడు సీసాలు చేతిలో పెట్టి "మూడూ కలిపి కొట్టు, పొద్దున్నకి కింద పడతాయి" అన్నారు. కొట్టాను. నాలుగో రోజుకి ఆకుల మీద ఒక్కటంటే ఒక్క పురుగు లేదు. ఆ ఊపులో పక్క చేను పెద్దాయనకి మందుల పేర్లు చెబుదామని పోతే, ఆయన తన మడి చూపించి "నేనేం కొట్టలేదప్పా, నా దాంట్లోనూ లేవు చూడు" అన్నాడు. మధ్యలో రెండో రోజు రాత్రి గట్టి వాన పడింది కదా, చిన్న పురుగుల్ని వానే కడిగేసి ముంచేసింది. వాన చేసిన పనికి నేను దుకాణానికి డబ్బు కట్టానన్నమాట.

అప్పట్నుంచి నా లెక్క ఒకటే. పక్కనే మందు కొట్టని మడి లేకుండా మందు పనిచేసిందని ఎవరు చెప్పినా నమ్మను, నేను చెప్పినా సరే. కింద రాసిందంతా ఆ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది. ముల్లంగిని ఉదాహరణగా పెట్టుకున్నాను, బీట్‌రూట్‌కీ ఇదే పద్ధతి నడుస్తుంది, కాకపోతే పురుగులు వేరుగా ఉంటాయి.

ముందు పురుగు ఏదో చూడండి

ఇక్కడే సగం మంది తప్పుతారు. మేం ఆకుపచ్చగా కనిపించిన ప్రతిదాన్నీ పచ్చపురుగు అనేస్తాం, శనగలో వచ్చేదీ అదే పేరు, ముల్లంగిలో వచ్చేదీ అదే పేరు. ముల్లంగి మీద ముఖ్యంగా మూడు రకాలు చూస్తాం.

మొదటిది డైమండ్ బ్యాక్ మాత్ పురుగు. బాగా ఎదిగినా సెంటీమీటరు పొడవే, రెండు చివర్లా సన్నగా, లేత పచ్చగా ఉంటుంది. ఆకు అడుగున గీకి తిని పైపొర మాత్రం వదిలేస్తుంది, అందుకే ఆకుని ఎండకి ఎత్తి పట్టుకుంటే అద్దం పెట్టిన కిటికీల్లా మచ్చలు కనిపిస్తాయి. పుల్లతో తాకితే గిలగిలా కొట్టుకుని వెనక్కి పాకి, సన్నటి దారం పట్టుకుని కిందికి వేలాడుతుంది. రెండోది పొగాకు లద్దె పురుగు, ఇది అందరికీ తెలిసిందే, చిన్నప్పుడు గుంపుగా ఒకే ఆకు మీద ఉండి ఆకుని జల్లెడ చేస్తుంది, పెద్దయ్యాక పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటుంది.

మూడోదే అసలు తంటా. ఆవాల రంపపు ఈగ పిల్ల. నల్లటి పచ్చ రంగులో ఉంటుంది, తాకితే చుట్టుకుని కింద పడి చచ్చినట్టు నటిస్తుంది. చూడ్డానికి గొంగళి పురుగే, కానీ జాతి వేరు. భూతద్దం పెట్టి పొట్ట కింద మెత్తటి కాళ్ల జతలు లెక్కపెట్టండి. సీతాకోకచిలుక, రెక్కల పురుగు జాతి పిల్లలకి ఐదు జతలకు మించి ఉండవు, దీనికి ఎనిమిది ఉంటాయి. ఎందుకీ కాళ్ల లెక్కంటే, పొలాల్లో వాడే మామూలు బి.టి. మందు (బాసిల్లస్ తురింజెన్సిస్ అనే సూక్ష్మజీవితో చేసేది) దీని మీద పనిచేయదు. బి.టి. కొట్టి "ఇది దండగ మందు" అని తిట్టేవాళ్లలో కొందరి చేన్లో ఉన్నది ఇదే.

తేలకపోతే నాలుగు పురుగుల్ని ఆకుతో సహా డబ్బాలో వేసుకుని కృషి విజ్ఞాన కేంద్రానికి పోండి. కర్నూలు వాళ్లకి బనవాసి, అనంతపురం వాళ్లకి రెడ్డిపల్లి, కడప వాళ్లకి ఊటుకూరు. దూరమైతే రైతు సేవా కేంద్రంలో ఫోటో చూపించండి, కానీ ఫోటోలో కాళ్లు కనబడాలి.

ఏ మందులు పరీక్షించాలి

మందు డబ్బాతో వచ్చే మడతల కాగితం చదవండి. మన దేశంలో మందుకి అనుమతి పంట పేరు, పురుగు పేరు పెట్టి ఇస్తారు. డైమండ్ బ్యాక్ మాత్‌కని ఉన్న మందులు చాలావాటి మీద క్యాబేజీ, కాలిఫ్లవర్ ఉంటాయి, ముల్లంగి కనబడదు. కాబట్టి ముల్లంగి మీద కొడితే అది పరీక్ష వరకే, ఆ మళ్లలో గడ్డా ఆకూ సంతకి పోకూడదు, ఇంట్లో వండకూడదు, బర్రెలకీ వేయకూడదు. ముల్లంగి నలభై యాభై రోజుల పంట, ఆకు కూడా తింటాం, మందు ఇంకిపోవడానికి టైమే ఉండదు. ఆరు సెంట్ల పంట పోతుందని ముందే మనసు గట్టి చేసుకుని మొదలుపెట్టండి. మోనోక్రోటోఫాస్ లాంటివి పరీక్షకి కూడా వద్దు, కూరగాయల మీద అది ఎప్పుడో నిషేధం.

నేను పెట్టుకున్నవి ఐదు: ఉత్త నీళ్లు, బి.టి., వేప మందు 1500 పీపీఎం, ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. (నీళ్లలో కరిగే గుళికలు), క్లోరాంట్రనిలిప్రోల్ 18.5 ఎస్.సి. (చిక్కటి ద్రవం); ఆ అంకెలు లోపల అసలు మందు ఎంతుందో చెప్పేవి. నీళ్లని కూడా మందు లెక్కలోనే వేసుకోండి, అది లేకపోతే మిగతా నాలుగూ ఉన్నా లేనట్టే.

ఇంకో జాగ్రత్త. రెండు వేరు వేరు కంపెనీల సీసాలు తెచ్చి రెండు మందులు పరీక్షించాననుకోకండి. పైన పేరు వేరు, లోపల మందు ఒకటే కావచ్చు. లోపలి మందు పేరు వేరైనా పనిచేసే తీరు ఒకటే కావచ్చు, ఫ్లూబెండమైడ్, క్లోరాంట్రనిలిప్రోల్ రెండూ అలాంటివే, రెండూ పురుగు కండరాల మీదే దెబ్బ కొడతాయి. ఒకదానికి అలవాటు పడిన పురుగు రెండోదాన్నీ లెక్కచేయకపోవచ్చు. ఈ డైమండ్ బ్యాక్ మాత్ మామూలుది కాదు, 1953లోనే జావాలో డి.డి.టి.కి లొంగకుండా పోయింది, 1990లో హవాయి పొలాల్లో బి.టి.కి కూడా తట్టుకుందని తేలింది. అందుకే పక్క జిల్లాలో పనిచేసింది, పోయినేడు పనిచేసింది అన్న మాటలతో మీ చేను సంగతి తేలదు.

ముందు కప్పుల్లో

పొలంలోకి దిగేముందు ఇంటి వసారాలో ఒక పరీక్ష ఉంది, ఖర్చు దాదాపు లేదు, మూడు నాలుగు రోజుల్లో సంగతి తేలిపోతుంది. వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు పదిహేను, ఒక్కో మందుకి మూడు. మందు కొట్టని ముల్లంగి ఆకులు తెచ్చి, కలిపిన మందులో పది సెకన్లు ముంచి, నీడలో ఆరనిచ్చి, కప్పులో అడుగున తడి కాగితం మీద పెట్టండి. ఒక్కో కప్పులో ఒకే సైజు పురుగులు పది, మరీ పిల్లవి వద్దు, గూడు కట్టబోయే పెద్దవీ వద్దు. పైన పల్చటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి. ముందు నీళ్ల ఆకులు ముంచండి, మందులవి తర్వాత. వంటింటి గిన్నెలు, చెంచాలు దీనికి ముట్టుకోవద్దు.

మూడో రోజు చూడండి. పుల్లతో తాకితే కదలనిది చచ్చినట్టు. నీళ్ల కప్పుల్లోనే ఐదింట ఒకటి కన్నా ఎక్కువ చచ్చాయంటే పురుగుల్ని పట్టేటప్పుడు నలిపేశారు, లేకపోతే కప్పులో ఆవిరి ఎక్కువైంది, మళ్లీ పెట్టుకోవాల్సిందే. నీళ్లలో అన్నీ హాయిగా తింటూ, ఏదో మందు కప్పులో కూడా సగానికి పైగా తింటూ ఉంటే, ఆ మందుని పొలంలోకి తీసుకుపోవడం దండగ.

మళ్లు గీయడం

3 మీటర్లు, 4 మీటర్ల మడి, అంటే 12 చదరపు మీటర్లు. ఐదు మందులు, ఒక్కోటి నాలుగు చోట్ల, మొత్తం ఇరవై మళ్లు. 240 చదరపు మీటర్లు, సుమారు ఆరు సెంట్లు, మధ్య దారులతో కలిపి తొమ్మిది దాకా పడుతుంది. మళ్లకి మధ్య మీటరు వదలండి, లేకపోతే గాలికి పక్క మడి మీద పడుతుంది.

నాలుగు చోట్ల ఎందుకంటే చేను అంతా ఒకే రకంగా ఉండదు. మాకు కాలువ పక్క తేమ ఎక్కువ, ఆకు లేతగా ఉంటుంది, పురుగు అక్కడే ముందు పడుతుంది. రోడ్డు పక్క దుమ్ము. అందుకని చేనుని కాలువ నుంచి రోడ్డు వైపుకి నాలుగు పట్టీలుగా విడగొట్టి, ప్రతి పట్టీలోనూ ఐదు మందులూ ఒక్కో మడి వచ్చేలా చూసుకోవాలి. పట్టీ లోపల ఏ మందు ఏ మడికో చీటీలు వేసి తీయండి. "ఇక్కడ పురుగు ఎక్కువుంది, మంచి మందు ఇక్కడ కొడదాం" అని చెయ్యి దురద పెడుతుంది. అలా చేస్తే లెక్కంతా గల్లంతు. నేను చీటీలు మా పాపతో తీయించాను, దానికి మందుల పేర్లు తెలియవు కాబట్టి.

ప్రతి మడికీ కర్ర పాతి అంకె మాత్రం రాయండి, మందు పేరు వద్దు. ఏ అంకె ఏ మందో నోటుబుక్కులో ఉంటే చాలు.

మందు కలపడం

ఎకరాకి 200 లీటర్ల (హెక్టారుకి సుమారు 500) నీళ్ల లెక్కన 12 చదరపు మీటర్లకి 600 మి.లీ. ద్రావణం సరిపోతుంది. నాలుగు మళ్లకి 2.4 లీటర్లు, రెండున్నర కలపండి. క్యాబేజీ మీద చెప్పిన మోతాదుల్నే తీసుకుంటే, ఎమామెక్టిన్ హెక్టారుకి 200 గ్రాములు, అంటే లీటరుకి 0.4 గ్రాము, రెండున్నర లీటర్లకి 1 గ్రాము. క్లోరాంట్రనిలిప్రోల్ హెక్టారుకి 50 మి.లీ., అంటే లీటరుకి 0.1 మి.లీ., రెండున్నర లీటర్లకి పావు మి.లీ. వేప మందు లీటరుకి 5 చొప్పున 12.5 మి.లీ. బి.టి. హెక్టారుకి కిలో చొప్పున 5 గ్రాములు.

ఆ పావు మి.లీ. దగ్గరే అందరూ నవ్వుతారు. ట్యాంకుకి ఒక మూత అని పోసే అలవాటున్న చేతికి పావు మి.లీ. కొలవడం ఎలా? తేలికే. సూదిలేని సిరంజితో 1 మి.లీ. మందు తీసి, కొలత గీతలున్న సీసాలో వేసి, మొత్తం 100 అయ్యేదాకా నీళ్లు పోసి బాగా కలిపి, అందులోంచి 25 మి.లీ. తీసుకోండి. సరిగ్గా పావు మి.లీ. మందు అందులో ఉంటుంది. గ్రాముకి నగల దుకాణంలో వాడే లాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. ఈ కొలతలన్నీ మందుల పనికే ఉంచేసి, తాళం వేసి పెట్టండి.

అన్ని మందులకీ ఒకే నీళ్లు వాడండి. మా బోరు నీళ్లు ఉప్పగా, క్షారంగా ఉంటాయి, అలాంటి నీళ్లలో కొన్ని మందులు తొందరగా దెబ్బతింటాయి, అందుకే నేను కాలువ నీళ్లు వడకట్టి వాడాను. ఆకుకి అంటుకునే జిగురు మందు కలిపితే ఐదింట్లోనూ కలపండి, నీళ్లలో కూడా.

ఇప్పుడు నా రెండో తప్పు చెబుతాను. మొదటి ఏడాది పరీక్షలో నీళ్ల మళ్లని ఆఖర్న కొట్టాను, పంపు ఒకసారి తిప్పి కడిగాననుకున్నాను. మూడో రోజు చూస్తే నీళ్ల మళ్లలో కూడా పురుగు చచ్చింది. గొట్టంలో మిగిలిన మందు అది. వారం కష్టం బూడిదలో పోసిన పన్నీరు. కాబట్టి నీళ్లు మొదట, తర్వాత బి.టి., వేప, ఆఖర్న మిగతా రెండూ, ప్రతి మందుకీ మధ్య సబ్బు నీళ్లతో మూడుసార్లు, పంపు ముక్కు (నాజిల్) విప్పి మరీ కడగాలి. రెండు లీటర్ల చేతి పంపు చాలు, పదహారు లీటర్ల ట్యాంకులో రెండు లీటర్లు పోస్తే అడుగునే ఉండిపోతుంది.

సాయంత్రం ఐదు దాటాక, గాలి లేనప్పుడు కొట్టండి. బి.టి., వేప మందు ఎండకి నీరసపడతాయి, పైగా ఆ టైముకి తేనెటీగలు కూడా తగ్గుతాయి. పురుగుంది ఆకు అడుగున కాబట్టి ముక్కు పైకి తిప్పి కింది నుంచి తడపాలి. చేతికి గ్లవుజులు, మూతికి మాస్కు, నిండు చేతుల చొక్కా, ఇవి చాదస్తం కాదు. పంపు ముక్కు మూసుకుపోతే నోటితో ఊదే అలవాటు మనలో చాలామందికి ఉంది, దయచేసి మానుకోండి, పాత టూత్ బ్రష్ ఒకటి జేబులో పెట్టుకోండి. కడిగిన నీళ్లు కాలువలో పోయకండి, వీటిలో కొన్ని చేపలకీ నీటి పురుగులకీ చాలా చెడ్డవి. పరీక్ష చేని మూలన పోసేయండి.

లెక్కపెట్టడం, ఓపిక ఉన్నవాళ్ల పని

పురుగు మొక్కకి ఒకటి, రెండు కనబడేదాకా మొదలుపెట్టకండి, లేని పురుగుని చంపే పరీక్ష ఉండదు. ప్రతి మడిలో మధ్య సాళ్లలో పది మొక్కలకి రంగు దారం కట్టండి, గట్టు పక్క సాళ్లు వదిలేయండి. కొట్టే రోజు పొద్దున ఒకసారి, తర్వాత 1, 3, 7, 10 రోజులకి అవే పది మొక్కలు. మూడు రకాల పురుగుల్ని మూడు గళ్లలో విడివిడిగా రాయండి. ఆకుని లాగి తిప్పొద్దు, డైమండ్ బ్యాక్ మాత్ దారం పట్టుకుని జారిపోతుంది, వేలితో నెమ్మదిగా ఆకు అంచు ఎత్తి కిందికి తొంగి చూడాలి.

మొదటి రోజు చూసి తీర్పు చెప్పకండి, మన దుకాణాల ధోరణి అంతా "పొద్దున్నకి కింద పడిందా లేదా" కదా. బి.టి. తిన్న పురుగు కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది, కానీ చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆకు మీద బతికే ఉంటుంది, నల్లబడుతూ ముడుచుకుని, తినకుండా. అందుకే అంకెతో పాటు కొత్తగా కొరికిన గాటు ఉందా లేదా అని కూడా నేను ఒక గీత పెట్టుకుంటాను. వేప మందు ఇంకా నిదానం, అది మేత మాన్పించి ఎదుగుదల చెడగొడుతుంది.

ఎండిన పురుగు పక్కన చిన్న బియ్యపు నూకంత తెల్లటి గూడు కనిపిస్తే అది మందు చంపింది కాదు, కందిరీగ జాతి చిన్న ఈగ పురుగు లోపల పెరిగి బయటికొచ్చి కట్టుకున్న గూడు. దాన్ని వేరే గడిలో రాయండి. ఏ మందు మళ్లలో ఈ గూళ్లు మిగిలాయి, ఏ మళ్లలో మాయమయ్యాయి అన్నది నాకు చచ్చిన పురుగుల లెక్కంత ముఖ్యం.

లెక్కపెట్టేది మీరు కాకుండా ఏ మడి ఏ మందో తెలియని మనిషైతే ఇంకా మంచిది. డబ్బు పెట్టి కొన్న మందు మళ్లో మన కళ్లకి పురుగు తక్కువే కనబడుతుంది.

కూడిక, గుణకారం

1955లో హెండర్సన్, టిల్టన్ అనే ఇద్దరు చెప్పిన లెక్క ఇది, ఫోన్ క్యాలిక్యులేటర్ చాలు. మందు మడిలో తర్వాతి పురుగుల్ని నీళ్ల మడిలో ముందటి పురుగులతో గుణించండి. దాన్ని, మందు మడిలో ముందటివి గుణించు నీళ్ల మడిలో తర్వాతివి, ఆ వచ్చినదానితో భాగించండి. ఒకటిలోంచి తీసేసి వందతో గుణిస్తే మందు పనితనం శాతం.

ఉదాహరణకి నీళ్ల మడిలో 40 ఉన్నవి 22కి తగ్గాయి, కొన్ని గూడు కట్టాయి, కొన్నిటిని పిట్టలు తిన్నాయి అనుకుందాం. మందు మడిలో 38 ఉన్నవి 19 అయ్యాయి. మామూలుగా చూస్తే "సగం చచ్చాయి, పర్లేదు" అంటాం. లెక్క వేయండి: 19 గుణించు 40 అంటే 760, 38 గుణించు 22 అంటే 836, భాగిస్తే 0.91. మందు పనితనం 9 శాతం! మిగతాదంతా దానంతట అది తగ్గిందే. ఇంకో వైపు, నీళ్ల మడిలో 40 కాస్తా 48 అయి, మందు మడిలో 44 నుంచి 8కి దిగితే, 320ని 2112తో భాగించాలి, పనితనం సుమారు 85 శాతం. ఆ మందు సంగతి వేరు.

ఈ లెక్క ప్రతి పట్టీకీ విడిగా చేయండి. నాలుగు పట్టీల్లోనూ ఒకే మందు నీళ్ల కన్నా పైన ఉంటే నమ్మొచ్చా అంటే, నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే నాలుగుసార్లూ బొమ్మే పడే అవకాశం పదహారులో ఒకటి, అంతవరకు అదృష్టం కూడా కావచ్చు. ఒక పట్టీలో పైనా, ఇంకో పట్టీలో కిందా వస్తే మాత్రం ఆ మందు గురించి మాట్లాడకపోవడమే మేలు. ఏడు రోజుల్లోపు గట్టి వాన పడితే ఆ తేదీ రాసి, ఆ తర్వాతి లెక్కల్ని పక్కన పెట్టండి.

గడ్డ తూకం

చచ్చిన పురుగులు కాటా ఎక్కవు, గడ్డ ఎక్కుతుంది. కోత రోజున ప్రతి మడిలో గుర్తు పెట్టిన పది మొక్కలు పీకి, మట్టి కడిగి, ఆకు కోసి గడ్డ తూచండి. ముల్లంగి మొండిది, ఆకు కొంత పోయినా గడ్డ ఊరుతుంది. మా చేన్లో పోయినేడు ఆఖరి రెండు వారాల్లో పడిన పురుగు వల్ల నీళ్ల మళ్లకీ, మంచి మందు మళ్లకీ గడ్డ తూకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆకు చిల్లులు పడి కట్ట చూడ్డానికి బాగాలేదు, అంతే. రైతు బజారులో ఆకుతో కట్టలు అమ్మేవాళ్లకి అదీ నష్టమే, గడ్డ కోసి సంచుల్లో పంపేవాళ్లకి కాదు. మొలిచిన మూడు వారాల్లోపు పడే పురుగు సంగతి వేరు, అప్పుడు మొక్కే కుంగిపోతుంది. కాబట్టి తూకంలో తేడా కిలోల్లో తీసి, ఆ రోజు మార్కెట్ రేటుతో గుణించి, మందు ఖర్చు, కొట్టిన కూలీ తీసేసి చూడండి. అది మైనస్ వస్తే మందు ఎంత గొప్పదైనా మీకు అక్కర్లేదు.

తూచాక మొత్తం పరీక్ష మళ్ల గడ్డా ఆకూ గుంత తీసి పూడ్చేయండి. నీళ్ల మళ్లవి కూడా, ఎందుకంటే పక్క మడి నుంచి తుంపర పడలేదని ప్రమాణం చేయలేం.

మరుసటి ఏడుకి పనికొచ్చే మందు ఒకటి కాదు, పనిచేసే తీరు వేరువేరుగా ఉన్నవి రెండైనా చేతిలో ఉండాలి. అమ్ముకునే పంటలో అయితే లేబుల్ మీద మీ పంట పేరున్నవాటిలోంచే ఏరుకోండి. పురుగు ఒక తరం, అంటే మా వేడికి ఇంచుమించు రెండు మూడు వారాలు, ఒక రకం, తర్వాతి తరానికి ఇంకో రకం. ఒకే రకాన్ని వరసగా కొడితే ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వస్తుంది. ఇంత శ్రమ ప్రతి ఏడూ ఎవరూ పడలేరు, నేనూ పడను. కానీ మామూలు చేన్లో మందు కొట్టిన ప్రతిసారీ ఒక మూల రెండు సాళ్లు కొట్టకుండా వదలడం ఎవరైనా చేయొచ్చు.

ఈసారి నేను తూర్పు గట్టు పక్క వదిలాను. మందు కొట్టడానికి వచ్చిన కుర్రాడు పంపు దించి వెనక్కి చూసి, "అన్నా, ఆ రెండు సాళ్లు మర్చిపోయినా, కొట్టేసి వస్తా" అని మళ్లీ పంపు ఎత్తుకున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.